నెత్తురు అంటని చెప్పులు

నేను వకీలు గుమస్తాను. నారాయణఖేడ్‌లో కోర్టు ఎదురుగా రేకుల షెడ్డు కింద టైపు మిషను పెట్టుకుని కూర్చునే మల్లప్పంటే తెలియనివాళ్లు తక్కువ. ఇరవై ఏళ్లుగా చుట్టుపక్కల ఊళ్ల మొరలన్నీ నా వేళ్ల మీదుగానే పోయాయి. ఏది రాయాలో, ఏది వదిలేయాలో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నాకు మహా గర్వం ఉండేది. అలా నేను వదిలేసిన ఒక్క వాక్యం వల్ల ఒక మనిషి ఉరికంబం దాకా పోయివచ్చాడు. నా కోపం ఇంకా చల్లారలేదు. కొంత పోలీసుల మీద, కొంత మా ఊరి మీద, మిగిలిందంతా నా మీద.

తొంభై ఆరు ఫిబ్రవరి. కంది కోతలు అయిపోయిన రోజులు. మా సొంతూరు కంగ్టి దారిలో, ఖేడ్‌కు పది మైళ్లు. ఆ ఊరి పటేల్ సంగమేశ్వర్ తమ్ముడు బసవరాజ్ ఒక పొద్దున కోటలాంటి తమ గడీ లోపల పశువుల కొట్టంలో తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. గొడ్డలి దెబ్బ అని డాక్టరు రాశాడు. గడీ దర్వాజ ముందు పరిచిన షాబాదు బండ మీద ఎండిన నెత్తురు మరక ఉంది. అక్కడినుంచి చుక్క చుక్కగా సందు పొడుగునా సాగి, కిందివాడలో బీరప్ప ఇంటి గడప దగ్గర ఆగిపోయింది.

ఎస్సై జీపు దిగి, ఆ చుక్కల వెంబడి నడిచి, చుక్కలు ఆగినచోట ఉన్న మనిషిని జుట్టు పట్టుకున్నాడు. కేసు అయిపోయింది. పది గంటలకు వచ్చినవాడు భోజనాల వేళకు హంతకుణ్ని జీపులో వేసుకున్నాడు. దానికి తోడు, అంతకు రెండు రోజుల ముందు బసవరాజ్ ఎడ్లు బీరప్ప కందిచేనులో పడి మేస్తే, బీరప్ప నలుగురిలో నిలబడి "మల్లొక్కసారి ఇడిస్తే ఎడ్లనే గాదు, నిన్నుగూడ నరుకుతా" అన్నాడు. కోపంలో రైతు ఎవడైనా అనే మాటే అది. అన్నవాళ్లందరినీ లోపల వేస్తే మా తాలూకాలో పొలం దున్నేవాడు మిగలడు.

బీరప్పను జీపెక్కిస్తుంటే అతని పెళ్లాం శివమ్మ కుంటుకుంటూ అడ్డం వచ్చింది. కుడి పాదానికి గుడ్డ కట్టుకుని ఉంది. ఆ గుడ్డ విప్పి ఎస్సై ముందు కాలు చాపింది.

"సారూ, గా నెత్తురు నాది. నిన్న పొద్దూకంగ చేనుకాడికెల్లి వస్తుంటే దర్వాజ ముంగట సీస పెంక గుచ్చుకున్నది. జూడుండ్రి, గీ గాయం జూడుండ్రి."

ఎస్సై చూశాడు. చూసి ఏమన్నాడో మా ఊళ్లో అందరూ విన్నారు. "మొగణ్ని తప్పియ్యనీకి తెల్లారంగనే కాలు కోసుకున్నవా? మస్తు తెలివుంది నీకు." ఆమె గాయాన్ని డాక్టరుకు చూపించలేదు. ఆమె మాట కాగితం మీద పెట్టలేదు. ఇంట్లోకి దూరి ఒక గొడ్డలి, దండెం కింద ఉన్న ఆడమనిషి చెప్పుల జత తీసుకుపోయారు. గొడ్డలి మీద నెత్తురు లేదు, కాబట్టి కడిగేశాడని రాసుకున్నారు. చెప్పుల మీదా నెత్తురు లేదు, కాబట్టి ఆమె అబద్ధమాడుతోందని రాసుకున్నారు. నెత్తురు లేకపోవడం ఎక్కడ ఏ అర్థానికి పనికొస్తే అక్కడ ఆ అర్థానికి వాడుకున్నారు.

నాలుగో రోజు శివమ్మ నా షెడ్డుకొచ్చింది. నాకు వరసకు చెల్లెలు. మా ఇల్లూ వాళ్ల ఇల్లూ ఒకే వాడ. నేను చదువుకుని ఖేడ్ చేరాను, వాళ్లు అక్కడే ఉన్నారు, అంతే తేడా.

"అన్నా, పెద్ద పోలీసు సాబుకు అర్జీ రాయి. నేను జెప్పింది జెప్పినట్టు రాయి" అంది.

చెప్పింది. పొద్దుగూకే వేళ కంది కట్టె మోపు నెత్తిన పెట్టుకుని వస్తోంది. సందు మలుపు దగ్గర చెప్పులు విప్పి ఎడమచేత పట్టుకుంది. కుడిచేత్తో మోపు పట్టుకుంది. గడీ దర్వాజ ముందు బండ మీద కాలు వేయగానే సీసా పెంకు దిగింది. బసవరాజూ అతని దోస్తులూ రోజూ అరుగు మీద తాగి సీసాలు అక్కడే పగలగొడతారని ఊరికంతా తెలుసు. చెప్పులు చంకలో ఇరికించుకుని, పెంకు పీకి పక్కన మురుగు పారే మోరీలో విసిరేసి, మోపు దించకుండా, ఆగకుండా ఇంటికి నడిచింది.

"సందు దాటినంక చెప్పులు తొడుక్కోవచ్చు గదా?" అని అడిగాను.

"కొత్తయి అన్నా. మొన్న అంగడిల ఆయనే కొనిచ్చిండు. నెత్తురంటితే ఖరాబైతయని తొడగలే."

నేను టైపు చేశాను. సీసా పెంకు రాశాను, మోపు రాశాను, వేళ రాశాను. చెప్పులు విప్పి చేత పట్టుకున్న సంగతి మాత్రం రాయలేదు.

ఎందుకు రాయలేదని తరువాత నన్ను నేను వెయ్యిసార్లు అడిగాను. గడీ ముందు మా వాడవాళ్లం చెప్పులు తొడుక్కుని నడవం. మా తాతలు నడవలేదు, మా నాయన నడవలేదు. నేను ప్యాంటు వేసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని ఊరికి పోయినా, సందు మలుపు దగ్గర నా చేయి దానంతటదే కిందికి పోతుంది. ఎవరూ కొట్టరు, తిట్టరు. అరుగు మీద కూర్చున్నవాళ్లు కాళ్ల వైపు చూస్తారు, అంతే. ఆమె ఊపిరి పీల్చుకుంటూ వచ్చిందని రాయనట్టే అదీ రాయలేదని మొదట నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం సిగ్గు. పెద్ద పోలీసు అధికారి చదివే కాగితంలో, నా టైపు మిషను మీద, మేం ఇప్పటికీ ఇలా బతుకుతున్నామని రాయడానికి నాకు సిగ్గేసింది.

శివమ్మకు చదువు రాదు. చదివి వినిపించమంది. గబగబా చదివాను. వేలిముద్ర వేసింది.

కేసు జిల్లా కోర్టుకు పోయింది. బీరప్పకు జామీను దొరకలేదు. మా చంద్రప్ప వకీలు కేసు తీసుకున్నాడు. పొట్టివాడు, గొంతు మాత్రం పెద్దది. విచారణ మొదలయ్యేసరికి పద్దెనిమిది నెలలు పట్టింది. ఆ పద్దెనిమిది నెలల్లో శివమ్మ చేను ఒక్కతే చేసింది. నెలకోసారి బస్సెక్కి జైలుకు పోయి మొగుణ్ని చూసి వచ్చింది. వచ్చినప్పుడల్లా నా షెడ్డు దగ్గర ఆగి ఒకటే అడిగేది. "అన్నా, నేను జెప్పింది జడ్జి సాబు సదివిండా?"

తొంభై ఏడు ఆగస్టు. బడి పిల్లలు స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్లయిందని జెండాలు పట్టుకుని తిరిగిన వారంలోనే విచారణ. సర్కారు వకీలు సంగతి తేల్చి చెప్పాడు. బండ మీది మరక మనిషి నెత్తురని, ఓ గ్రూపని ల్యాబు చెప్పింది. చచ్చిపోయిన బసవరాజ్‌దీ ఓ గ్రూపే. బీరప్పది బీ గ్రూపు. కాబట్టి ఆ నెత్తురు హతుడిది, హంతకుడి గొడ్డలి నుంచి కారింది.

చంద్రప్ప వకీలు లేచాడు. "కొట్టం నుంచి దర్వాజ దాకా నలభై అడుగులు. ఆ నలభై అడుగుల్లో ఒక్క చుక్కా లేదు. హంతకుడు దర్వాజ దాకా ఎగిరొచ్చాడా?"

"గడీ ఆడవాళ్లు తెల్లవారుజామున లోపలి వాకిలంతా ఊడ్చి పేడనీళ్లు చల్లారు. శవం సంగతి ఆ తరువాత తెలిసింది" అన్నాడు సర్కారు వకీలు. మా దిక్కు ఏ ఇంట్లోనైనా పొద్దున లేస్తే ముందు చేసే పని అదే.

శివమ్మ బోనెక్కింది. కళ్లు దించకుండా, ఎక్కడా తడబడకుండా, నాకు చెప్పినట్టే చెప్పింది. ఆమె కూడా ఓ గ్రూపే, అది కూడా చంద్రప్ప వకీలు దాఖలు చేశాడు. సర్కారు వకీలు బల్ల మీంచి ఆ చెప్పుల జత ఎత్తి చూపించాడు.

"ఇవి నీవేనా?"

"నాయే."

"ఆ రోజు చేనుకు వేసుకుపోయావా?"

"పోయిన."

"మరి కాలికి గాయమై అంత నెత్తురు కారితే వీటి మీద ఒక్క మరకా లేదేం?"

"తొడుక్కోలే సారూ. చేతుల పట్టుకున్న. పటేల్ గడీ ముంగట మేం చెప్పులు తొడగం."

సర్కారు వకీలు నేను టైపు చేసిన అర్జీ తీశాడు. మొదటినుంచి చివరిదాకా చదివాడు. "నాలుగో రోజు ఇచ్చిన ఈ అర్జీలో చెప్పుల మాటే లేదు. చెప్పుల మీద నెత్తురు లేదని తెలిశాక ఇప్పుడు కొత్త కథ అల్లావు. అవునా?"

శివమ్మ తలతిప్పి నా వైపు చూసింది. కోపంగా కాదు. ఆశ్చర్యంగా చూసింది. ఆ రోజు నేను గబగబా చదివినప్పుడు ఆ మాట వినబడకపోయినా, ఉంటుందనే నమ్మింది. "నేను జెప్పిన సారూ" అని మాత్రం అంది. ఆ క్షణం నేను నేలలోకి దిగిపోతే బాగుండుననిపించింది. దిగిపోలేదు. గుమస్తా పుస్తకాలు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

పటేల్ సంగమేశ్వర్‌ను మళ్లీ పిలిపించారు. తెల్ల ధోతి, తెల్ల చొక్కా, మర్యాదస్తుడి మాట. ప్రమాణం చేసి చెప్పాడు. "గసొంటి రివాజు మా ఊర్ల లేదు. స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏండ్లాయె. ఎవరి చెప్పులు వాళ్లిష్టం. నేనెన్నడు ఎవర్ని అడ్డుకోలే." నిజమే, ఆయన ఎన్నడూ అడ్డుకోలేదు. అడ్డుకునే అవసరం ఆయనకు ఏనాడూ రాలేదు.

మా తరఫున భూమన్న చెబుతానన్నాడు. డెబ్భై ఏళ్ల ముసలివాడు, మా వాడవాడే, ఆయన పాదాలకు ఆ సందులోని ప్రతి రాయీ తెలుసు. బోనెక్కి, ముందు వరసలో కూర్చున్న పటేల్‌ను చూసి, "నాకెర్క లేదు సారూ. ఎవరిష్టమొచ్చినట్టు వాళ్లు నడుస్తరు" అన్నాడు.

సాయంత్రం ముగ్గురం ఒకే బస్సులో తిరిగొచ్చాం, శివమ్మా, భూమన్నా, నేనూ. అప్పుడు పండక్కని నాలుగు రోజులు మా అన్న ఇంట్లోనే ఉన్నాను. బస్సు దిగి సందు మలుపు తిరగబోతూ భూమన్న వంగి చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్నాడు.

"ఏం మనిషివే నువ్వు! పొద్దున బోనుల ఏం జెప్పినవ్, ఇప్పుడేం జేస్తున్నవ్?" అని అరిచాను.

"మల్లప్పా, నా కొడుకులు ముగ్గురు పటేల్ చెల్కల్నే పని చేస్తరు. నేను జెప్పి యాడికి పోవాలె? నువ్వంటే ఖేడ్‌ల ఉన్నవ్" అన్నాడు భూమన్న. తరువాత నా చేతుల వైపు చూశాడు. నా చెప్పులు నా చేతిలోనే ఉన్నాయి. ఎప్పుడు విప్పానో నాకే తెలియదు.

శివమ్మ ఇద్దరినీ దాటుకుని ముందుకు నడిచింది. ఆమె చెప్పులు కోర్టులో ఉన్నాయి. విప్పే పని లేదు ఆమెకు.

మర్నాడు చంద్రప్ప వకీలు దగ్గర ఏడుపు ఒక్కటే తక్కువ నాకు. "సాబ్, నేను బోనెక్కుతా. ఆమె చెప్పింది, నేనే రాయలేదని చెప్తా" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "నువ్వు నా గుమస్తావు. నీ మాట ఎవడు నమ్ముతడు? ఇంకా నవ్వుతరు." ఆ మాట వినగానే లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. పటేల్ ముందు నిలబడే పని తప్పింది కదా! ఆ హాయి గుర్తొస్తే ఇవాళ్టికీ నా మీద నాకే అసహ్యం.

చంద్రప్ప వకీలు పేపరు మడిచి నా ముందు పెట్టాడు. ఎక్కడో ఒక కేసులో నెత్తురు చుక్కను బట్టి అది ఏ మనిషిదో కచ్చితంగా తేల్చారని అందులో ఉంది. "గ్రూపు కాదు మల్లప్పా. ఓ గ్రూపోళ్లు ఊరికి సగముంటరు. ఇది డీఎన్ఏ పరీక్ష. ఆడమనిషిదా మొగమనిషిదా, ఏ తల్లి బిడ్డదో గూడ చెప్తది. హైదరాబాదుల చేస్తున్నరు." ఆ రోజే దరఖాస్తు రాశాం. ఈసారి నేను ఒక్క మాటా వదలలేదు.

పోలీసులు అడ్డం చెప్పారు. సందులో తీసిన నెత్తురు మట్టి అప్పుడే బూజు పట్టిపోయిందట. తడి మట్టిని ప్లాస్టిక్ సంచుల్లో మూట కట్టి పద్దెనిమిది నెలలు అటక మీద పారేస్తే బూజు పట్టక ఏం చేస్తుంది? సంచులన్నీ దండగైపోయాయి. మిగిలింది ఒక్కటే. దర్వాజ ముందు షాబాదు బండ నుంచి ఉలితో కొట్టి తీసిన అరచేయంత చెక్క. దాన్ని మాత్రం ఎవడో కాగితంలో చుట్టాడు. అది పొడిగా ఉంది, మరక అలాగే ఉంది. బీరప్ప ప్రాణం ఆ రాతి చెక్క మీద ఉంది. జడ్జి సాబు ఒప్పుకుని, రాతిని, బసవరాజ్ చొక్కాను, శివమ్మ నెత్తురును పరీక్షకు పంపమన్నాడు.

నేనే శివమ్మను వెంటబెట్టుకుని పోయాను. దవాఖానలో నర్సు సూది తీయగానే శివమ్మ చేయి వెనక్కి లాక్కుంది.

"మల్ల నెత్తురా? బండ మీద కారింది సాలలేదా?"

"అది నీదేనని తెలవాలె గదా చెల్లె."

"నేను జెప్తలేనా నాదేనని? ఎనిమిదొందల రోజులైనా అదే జెప్తా. నా నోట్ల మాటకు ఇలువ లేదు గని, నా నెత్తురు మాట్లాడుతదా?" అంది. నర్సు చేతిలో సూది పట్టుకుని నా ముఖం చూసింది. నేను కిటికీ వైపు చూశాను. కాసేపటికి శివమ్మ చేయి చాపింది.

అక్టోబరు చివర రిపోర్టు వచ్చింది. రాతి మీది నెత్తురు ఆడమనిషిది. బసవరాజ్‌ది కాదు. శివమ్మదే. రిపోర్టు ఇచ్చిన ఆయన కోర్టుకొచ్చి గంటసేపు వివరించాడు. అందరూ నోళ్లు తెరుచుకుని విన్నారు. సర్కారు వకీలు రెండే ప్రశ్నలడిగి కూర్చున్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆ గంటసేపు ఆయన చెప్పిన సంగతి శివమ్మ మొదటి రోజే, ఎర్రటి ఎండలో, జీపు ముందు కాలు చాపి ఒక్క ముక్కలో చెప్పింది. అప్పుడు ఒక్కడైనా వంగి ఆ పాదం వైపు సరిగ్గా చూసి ఉంటే, ఒక్కడైనా మోరీలో చేయి పెట్టి ఆ సీసా పెంకు వెతికి ఉంటే, ఇంత సైన్సు అవసరమే లేదు.

డిసెంబరులో తీర్పు. బీరప్ప నిర్దోషి. ఇరవై రెండు నెలలకు బయటికొచ్చాడు. చెంపలు లోపలికి పోయాయి, నడకలో ఒక వంపు వచ్చింది. ఊరికి పోతే ఏమవుతుందోనని మూడు నెలలు మనూర్ దిక్కు శివమ్మ పుట్టింట్లో ఉన్నారు. బసవరాజ్‌ను నిజంగా చంపినవాడెవడో పోలీసులు మళ్లీ అడగలేదు. గడీవాళ్లూ అడగలేదు. ఆ సంగతి నేటికీ తేలలేదు.

అప్పీలు గడువు దాటాక తీర్పు నకలూ, కోర్టులో ఉన్న చెప్పులూ నేనే తెచ్చాను. మార్చిలో ఒక పొద్దున మొగుడూ పెళ్లాం నా షెడ్డుకొచ్చారు. చెప్పులకు కోర్టు వాళ్లు దారంతో కట్టిన అట్ట చీటీ ఇంకా వేలాడుతోంది. ఒక్కసారి వేసుకున్న చెప్పులు, రెండేళ్లయినా కొత్తగానే ఉన్నాయి.

"జడ్జి సాబు నా గురించి ఏం రాసిండన్నా? సదువు" అంది శివమ్మ.

ఇంగ్లీషులో ఉంది. నేను ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను, ఈసారి గబగబా కాదు. బండ మీది నెత్తురు శివమ్మదని శాస్త్రీయంగా రుజువైంది. ముద్దాయికి విడుదల. ఆ తరువాత పేరాలో ఉంది అసలు సంగతి. ముద్దాయి భార్య సొంత మనిషి కాబట్టి ఆమె మాట మీద ఆధారపడనవసరం లేదు. గడీ ముందు చెప్పులు విప్పి నడిచే ఆచారం ఉందని ఆమె ఒక్కతే చెప్పింది. పటేల్, భూమన్న ఇద్దరూ కాదన్నారు. మొదటి అర్జీలోనూ ఆ ప్రస్తావన లేదు. కాబట్టి అటువంటి ఆచారం ఆ ఊళ్లో ఉన్నట్లు రుజువు కాలేదు.

నెత్తురు ఆమెది అంటారు, ఆమె మాట మాత్రం పనికిరాదంటారు. వట్టికాళ్లతో ఎందుకు నడిచిందో అవసరం లేదు వాళ్లకు. ఇదేం న్యాయం? కాగితం చించేయాలనిపించింది.

శివమ్మ మాత్రం ఏదో ఆలోచిస్తోంది. "గా ఆఖరిది మల్ల సదువు" అంది.

చదివాను. "అటువంటి ఆచారం ఆ ఊళ్లో ఉన్నట్లు రుజువు కాలేదు."

"అంటే లేదన్నట్టేనా?"

"కోర్టు లెక్కల లేదన్నట్టే."

"గా కాగితం నాకియ్యి" అంది. మడిచి కొంగున కట్టుకుంది. చెప్పులు అట్ట చీటీతోనే తొడుక్కుంది. "నువ్వు గూడ రా అన్నా ఊరికి. సదివేటోడు కావాలె."

మధ్యాహ్నం బస్సు దిగాం. సందు మలుపు దగ్గర బీరప్ప వంగాడు. జైలు అతనికి చాలా మరిపించింది కానీ అది మరిపించలేదు. నా చేయి కూడా కిందికి పోయింది. చెప్పులు చేతిలోకి వచ్చేశాయి. శివమ్మ వంగలేదు.

"తొడుక్కో" అంది మొగుడితో.

"ఏందే, లొల్లి వెడ్తవా? పటేల్ అరుగు మీదనే కూసున్నడు."

"కూసోనీ. గా బోనుల నిలవడి దేవుని మీద ప్రమాణం జేసి ఆయనే జెప్పిండు లేదని. జడ్జి సాబు గూడ రాసిండు. లేని రివాజుకు నువ్వెందుకు వంగుతవ్?"

బీరప్ప అరుగు వైపు ఒకసారి చూశాడు. తరువాత చెప్పులు కింద పడేసి తొడుక్కున్నాడు. శివమ్మ ముందు నడిచింది. చెప్పు నేలకు తగిలినప్పుడల్లా అట్ట చీటీ ఎగిరి పడుతోంది. ఆ సందులో మా వాడవాళ్ల చెప్పుల చప్పుడు నేను పుట్టి అదే మొదలు వినడం. వాకిళ్లలోంచి ఆడవాళ్లు బయటికొచ్చారు. భూమన్న తన ఇంటి ముందు కట్టె పట్టుకుని లేచి నిలబడ్డాడు.

గడీ దర్వాజ దగ్గర జీతగాడు యాదయ్య అడ్డం ఉరికొచ్చాడు. "ఏయ్ శివమ్మా! చెప్పులు! కండ్లు కనిపిస్తలెవ్వా?"

శివమ్మ ఉలితో చెక్క తీసిన ఆ షాబాదు బండ మీదే ఆగింది. యాదయ్య వైపు చూడలేదు. అరుగు మీది పటేల్‌ను చూసింది.

"పటేలా, కోర్టుల నువ్వు జెప్పింది నిజమా, అబద్ధమా? నిజమైతే నీ జీతగానికి జెప్పు. అబద్ధమైతే నాకు జెప్పు, మల్ల కోర్టుకు పోదాం."

సంగమేశ్వర్ ముఖం నల్లబడింది. సందంతా చూస్తోంది. చివరికి ఆయన కళ్లు నా మీద పడ్డాయి. చదువుకున్నవాణ్ని, ఖేడ్ వాణ్ని, తమ మర్యాద తెలిసినవాణ్ని కదా.

"మల్లప్పా, ఏంది గిది?" అన్నాడు.

శివమ్మ కొంగు ముడి విప్పి కాగితం నా వైపు చాపింది. తీసుకుందామంటే నా రెండు చేతుల్లోనూ చెప్పులున్నాయి. ఆమె వాటిని చూసింది. కాగితం చాపుకునే నిలబడింది.

నేను ఆమె పక్కన ఆ బండ మీద నిలబడి, చెప్పులు కింద పడేసి, ఒక్కొక్కటే తొడుక్కున్నాను. నాకప్పుడు నలభై ఆరేళ్లు. కాగితం తీసుకుని ఆ వాక్యం సందంతా వినబడేలా చదివాను. చదివాక, అర్జీలో నేను రాయకుండా వదిలేసిన చెప్పుల మాట కూడా చెప్పాను, పటేల్ కళ్లలోకి చూస్తూ, గట్టిగా.